ఆ పిల్లవాడు ఏమి చెబుతున్నాడు?

(ఏలూరు జిల్లా చింతలపూడిలో, ఆటిజం, ఎదుగుదల లోపాలు ఉన్న పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మొదట ఒక మనవి. ఈ సభ జరుగుతుండగా ఏ బిడ్డయినా కేక వేస్తే, కుర్చీల మధ్య పరుగులు తీస్తే దయచేసి ఎవరూ వెనక్కి తిరిగి చూడవద్దు. ఆ తల్లి లేచి బయటికి వెళ్లనక్కరలేదు. మేము కాసేపు ఆగి మళ్లీ మొదలుపెడతాం. మాలో కొందరం ప్రత్యేక ఉపాధ్యాయులం, కొందరం ఇలాంటి బిడ్డల తల్లిదండ్రులం. ఆ కేకలు మాకు కొత్త కావు.

హక్కుల గురించి మాట్లాడుకునే మన వేదికల మీద రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు, ఉపకార వేతనాలు, ఉర్దూ బడులలో ఖాళీలు ఎప్పుడూ చర్చకు వస్తాయి. ఈ విషయం మాత్రం రాదు. ఈ పిల్లలు ఇంటి వెనుక గదిలో ఉండిపోవడమే అందుకు కారణం. ఆరు నుంచి పద్నాలుగేళ్ల మధ్య వయసున్న ముస్లిం పిల్లలలో ప్రతి నలుగురిలో ఒకరు బడి గడప తొక్కనివారో, మధ్యలో మానేసినవారో అని 2006లో సచార్ కమిటీ నివేదిక తేల్చింది. ఆ నివేదికను మనం ఎన్నో సభలలో ఉటంకించాం. ఆ నాలుగో బిడ్డ ఎవరు అని అడిగినప్పుడు పేదరికం అన్నాం, పనిలో పెట్టారు అన్నాం. బెంచీ మీద పది నిమిషాలు కూర్చోలేక, పిలిస్తే పలకక, పక్కవాడి పెన్సిలు లాక్కున్నందుకు ఇంటికి పంపబడిన బిడ్డ కూడా ఆ లెక్కలో ఉంటాడని మనకు తట్టలేదు.

ఇలాంటి బిడ్డకు మన మొహల్లాలలో ఉన్న పేర్లు మీకు తెలియనివి కావు. ఆసేబ్ అంటారు, సాయా పడింది అంటారు, గాలి సోకింది అంటారు. లేదా తల్లి సరిగా పెంచలేదంటారు. ఈ చివరి నింద మన దేశానిదే కాదు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు పదకొండు మంది పిల్లలను పరిశీలించి ఆటిజాన్ని మొదటిసారి వివరంగా వర్ణించిన తర్వాత దాదాపు రెండు దశాబ్దాలపాటు అక్కడి చదువుకున్న వైద్యులే తల్లి ప్రేమ కరువై బిడ్డ ఇలా అయ్యాడని తల్లులను ఏడిపించారు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తానే అలాంటి బిడ్డకు తండ్రి, ఆ వాదాన్ని పుస్తకం రాసి ఖండించాడు. ఆటిజం పుట్టుకతోనే మెదడు ఎదిగే తీరులో వచ్చే తేడా. పెంపకం వల్ల వచ్చేది కాదు, టీకాల వల్ల వచ్చేది అంతకన్నా కాదు. టీకాలకు ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని ప్రచురించిన పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. కనుక ఆ భయంతో చిన్న బిడ్డలకు టీకాలు మానిపించవద్దు.

తాయెత్తు కట్టించినందుకు మేము ఎవరినీ తప్పుపట్టం. కన్నవారి గుండె ఏ గుమ్మమైనా ఎక్కుతుంది. అయితే తాయెత్తు దగ్గర ఆగనివాళ్లు కొందరున్నారు. 2001 ఆగస్టు 6న తమిళనాడులో ఎర్వాడి దర్గా సమీపంలోని ఒక ఆశ్రయ కేంద్రంలో నిప్పంటుకుంది. అక్కడ గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులలో 28 మంది లేచి పరుగెత్తే వీలులేక కాలిపోయారు. ఆటిజం మానసిక రోగం కాదు, ఆ రెండూ వేరు. కాని గొలుసు వేసే చేయికి ఆ తేడా తెలియదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 95వ సెక్షన్ మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదని శాసించింది. మంచం కోడుకు చున్నీతో కట్టడం కూడా బంధించడమే. అమ్మీ వంట చేసుకునే వేళ వేరే దారిలేక కడుతుందని మాకు తెలుసు. ఆ వేరే దారి ఏమిటో చెప్పడానికే ఈ రోజు ఇక్కడికి వచ్చాం.

ఆ దారిని పుస్తకాలలో ప్రవర్తనా విధానం అంటారు. ఇది విదేశాలలో పుట్టిన మాట నిజమే. అయితే దానిని మన పిల్లలకు, మన బడులకు సరిపోయేలా మలిచిన పని మన సికింద్రాబాదులోనే జరిగింది. 1984లో అక్కడ మనోవికాస్ నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. ఇప్పుడు దాని పేరు జాతీయ మేధో వైకల్య సాధికారత సంస్థ. 1992లో అక్కడి రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ ఉపాధ్యాయుల కోసం ఒక కరదీపిక రాశారు. దానితోపాటు భారతీయ పిల్లల కోసం ఒక అంచనా పట్టిక తయారుచేశారు. ఆ పట్టిక మొదటి భాగంలో బిడ్డకు వచ్చిన పనుల గురించి 280 అంశాలు ఉన్నాయి. రెండో భాగంలో ఇబ్బంది పెట్టే ప్రవర్తనల గురించి 75 అంశాలు. మాకు ఈ లెక్క చాలా ఇష్టం. బిడ్డ ఏమి పాడుచేస్తున్నాడో అడగడానికి ముందు, అంతకు దాదాపు నాలుగు రెట్లు, బిడ్డకు ఏమేమి వచ్చో అడిగారు. మన ఇళ్లలో ఈ లెక్క తిరగబడి ఉంటుంది.

ఈ విధానంలో మొదటి పాఠం మాటలను సరిచేసుకోవడం. 'వీడు మొండివాడు' అనేది మన తీర్పు. 'అన్నం కంచం ముందు పెట్టగానే తోసివేస్తాడు, రోజుకు రెండుసార్లు' అంటే అది ప్రవర్తన. కంటికి కనబడేది, లెక్కపెట్టగలిగేది ఏదో అదే రాయాలి. ఒక నోటు పుస్తకం తీసుకుని పేజీని మూడు గళ్లుగా విభజించండి. బిడ్డ ఆ పని చేయడానికి ముందు ఏమి జరిగింది, బిడ్డ ఏమి చేశాడు, ఆ తర్వాత ఏమి జరిగింది. చదువు రాని తల్లి అయితే పెద్ద పిల్ల చేత రాయించండి. వారం రోజులు రాసిన పుస్తకాలు మా దగ్గరికి వచ్చినప్పుడు మొదటి రెండు గళ్లు నిండుగా ఉంటాయి, మూడోది తరచు ఖాళీగా ఉంటుంది. మూడో గడిలో ఉండేది మనం చేసిన పని గనుక!

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది ఏ ఒక్క ఇంటిదీ కాదు. తొమ్మిదేళ్ల బాబు, మాటలు లేవు, చేయి కొరుక్కుంటాడు. సోమవారం అమ్మీ కుట్టుమిషను ముందు కూర్చుంది, వాడు చేయి కొరుక్కున్నాడు, అమ్మీ లేచి వచ్చి ఒడిలో కూర్చోబెట్టుకుంది. మంగళవారం ఖాలా ఇంటికి వచ్చింది, ఇద్దరూ మాటలలో పడ్డారు, వాడు కొరుక్కున్నాడు, ఇద్దరూ వాడి చుట్టూ చేరారు. బుధవారం అన్న వాడి ముందు పలక పెట్టాడు, వాడు కొరుక్కున్నాడు, పలక తీసేశారు. గురువారం అర్ధరాత్రి ఎవరూ ఏమీ చేయకుండానే లేచి కొరుక్కున్నాడు, రెండో చేయి దవడ మీద పెట్టుకుని ఉన్నాడు.

చేయి ఒకటే, పళ్లు ఒకటే, కాని మాటలు మూడు. మొదటి రెండు రోజులూ 'నా దగ్గరికి రా' అన్నాడు. మూడో రోజు 'ఇది నాకు కష్టంగా ఉంది' అన్నాడు. నాలుగో రోజు 'పన్ను నొప్పి' అన్నాడు. ఈ మూడింటికీ ఒకే చెంపదెబ్బ జవాబు చెబితే ఏ మాటకు జవాబు చెప్పినట్లు? పన్ను నొప్పికి దంతవైద్యుడు కావాలి. కనుక ఎప్పుడూ లేని ప్రవర్తన హఠాత్తుగా మొదలైతే ముందు ఒళ్లు చూడండి. చెవి, పన్ను, కడుపు, మలబద్ధకం. మాటలు లేని బిడ్డ నొప్పిని ఇలాగే చెప్పుకుంటాడు. ఇవి కాక మరో కారణం కూడా ఉంటుంది. కొందరికి ఊగడం, చేతులు ఆడించడం, తిరిగే ఫ్యానును చూడడం హాయినిస్తాయి. కొందరికి మిక్సీ చప్పుడు చెవిలో మేకు దించినట్లుంటుంది. అలాంటి బిడ్డ చెవులు మూసుకుంటే అది అవిధేయత కాదు.

కారణం తెలిశాక ఆ బిడ్డకు అదే మాటను మరో విధంగా చెప్పడం నేర్పాలి. ఇబ్బంది పెట్టే ప్రవర్తన ఏ పని సాధిస్తున్నదో, అదే పనిని సాధించే చిన్న సంజ్ఞ ఒకటి నేర్పితే మొదటిది తగ్గిపోతుందని 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరండ్ అనే పరిశోధకులు చూపించారు. మన బాబు విషయంలో, అమ్మీ భుజం తడితే 'నా దగ్గరికి రా' అని అర్థం. అరచేయి అడ్డంగా చూపితే 'బస్' అని అర్థం. మొదటి రోజులలో వాడు భుజం తట్టిన ప్రతిసారీ అమ్మీ వెంటనే తిరగాలి, కుట్టు సగంలో ఉన్నా తిరగాలి. 'బస్' అని చేయి చూపగానే పలక పక్కకు పోవాలి, రెండు నిమిషాల తర్వాత తిరిగి రావాలి. అలవాటు స్థిరపడ్డాక, 'ఒక్క నిమిషం ఆగు' అనేది మెల్లగా నేర్పవచ్చు. సంజ్ఞలు, బొమ్మ కార్డులు నేర్పితే ఇక మాటలే రావని తండ్రులు భయపడుతుంటారు. ఆ భయానికి ఆధారం లేదు. చేతితో అడగడం వచ్చిన బిడ్డకు నోటితో అడగడం కష్టమైపోదు.

భాష విషయంలో మన సమాజానికి జరుగుతున్న ఒక అన్యాయం గురించి ఇక్కడే చెప్పాలి. మన ఇళ్లలో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో తెలుగో ఇంగ్లీషో. బిడ్డకు మాటలు ఆలస్యం కాగానే 'ఇంట్లో ఆ ఉర్దూ మానేయండి, ఒకే భాష మాట్లాడండి' అని సలహా ఇస్తారు. ఆ మాట విని దాదీతో మాట్లాడే ఒక్క భాషనూ బిడ్డకు దూరం చేసిన ఇళ్లను మేము చూశాం. తెలుగు సరిగా రాని తల్లి బిడ్డతో మాట్లాడడమే తగ్గించివేస్తుంది. రెండు భాషల మధ్య పెరగడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు మాటలు అదనంగా ఆలస్యం కావని ఇప్పటికి అనేక దేశాల పరిశోధనలు తేల్చాయి. మీకు ప్రేమగా మాట్లాడడం ఏ భాషలో వస్తుందో ఆ భాషలోనే మాట్లాడండి. పానీ అన్నా నీళ్లు అన్నా దాహం తీరుతుంది.

ఇక పనులు నేర్పడం. పెద్ద పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి ఒక్కో మెట్టే నేర్పాలన్నది ఈ విధానానికి వెన్నెముక. ఇది మనకు కొత్త కాదు. ఏలూరు తివాచీని తరతరాలుగా ముడి వెంట ముడి వేసి నేసిన చేతులు మన సమాజానివే. వుజూను చూడండి. చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల వరకు, తల, పాదాలు. వరుస ఎన్నడూ మారదు. వరుస మారని పని అంటే ఈ పిల్లలకు ఎంతో ఇష్టం. కొళాయి పక్కన గోడమీద ఆ వరుసలో బొమ్మలు గీసి అంటించండి. మొదట మీ చేతిని బిడ్డ చేతిమీద వేసి చేయించండి, తర్వాత మోచేతిని తాకి వదలండి, ఆ తర్వాత వేలితో బొమ్మ చూపండి, చివరకు మౌనంగా పక్కన నిలబడండి. కొందరికి చివరి మెట్టు నుంచి వెనక్కి నేర్పడం మేలు. ఆరు మెట్లు మీరు చేయించి, ఆఖరున పాదాలు మాత్రం వాడిని కడుక్కోనివ్వండి. పని పూర్తి చేసిన ఆనందం మొదటి రోజునుంచే వాడిదవుతుంది. స్నానం, పైజామా నాడా, దొడ్డికి వెళ్లి శుభ్రం చేసుకోవడం అన్నీ ఇలాగే. రంజాన్ నెలలో నిద్ర, తిండి వేళలు తారుమారైనప్పుడు ఈ పిల్లలు కలత పడతారు. అందుకే నెలవంకకు వారం ముందే సహరీ, ఇఫ్తార్ బొమ్మలతో కొత్త దినచర్య పట్టీ తయారుచేసుకోండి. ఉపవాసం లేని బిడ్డకు మధ్యాహ్న భోజనం ఎప్పటి వేళకే పెట్టండి.

ఆడపిల్లల విషయం ఇంకా ముఖ్యం. నెలసరి వచ్చినప్పుడు గుడ్డ మార్చుకోవడం, ఎవరు ఎక్కడ తాకకూడదో గుర్తించడం, 'నక్కో' అని గట్టిగా అనడం కూడా మెట్లు మెట్లుగా నేర్పదగిన పనులే. పదేళ్లకే మొదలుపెట్టాలి. నేర్పే ఓపిక లేక గర్భసంచి తీయించి చేతులు దులుపుకునేవారున్నారు. 1994లో మహారాష్ట్రలోని శిరూర్ ప్రభుత్వ ఆశ్రమం ఆడపిల్లలకు ఇలాగే శస్త్రచికిత్సలు చేయిస్తే దేశమంతా నిరసన లేచింది. వికలాంగుల హక్కుల చట్టం 10వ సెక్షన్ ప్రకారం, ఆ వ్యక్తి స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చిన అంగీకారం లేకుండా సంతానం కలగకుండా చేసే వైద్యం ఏదీ చేయకూడదు.

మంచి పని చేసినప్పుడు వెంటనే మెచ్చుకోవాలి, ఇష్టమైనది ఇవ్వాలి. వెంటనే అంటే సాయంత్రం కాదు, ఆ నిమిషంలోనే. ఇష్టమైనది అంటే బిడ్డకు ఇష్టమైనది. ఒకడికి ఉయ్యాల, ఒకడికి గాలిపటం తోక, ఒకడికి గాజుల చప్పుడు. సెల్‌ఫోను ఒక్కటే బహుమానమైతే ఇల్లంతా దానికి బందీ అవుతుంది. ఒకటి మాత్రం మరచిపోవద్దు. అన్నం బహుమానం కాదు. 'పని చేస్తేనే కూడు' అని ఆకలితో కూర్చోబెట్టడం ఏ శాస్త్రమూ కాదు. సంరక్షణలో ఉన్న వికలాంగునికి తెలిసి తిండి, నీరు నిరాకరిస్తే 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు.

కేక వేస్తే చాక్లెట్ ఇచ్చే అలవాటు మానుకోవాలంటే మరో సంగతి ముందే తెలిసి ఉండాలి. మీరు ఇవ్వడం మానిన మొదటి రోజులలో కేకలు తగ్గవు, పెరుగుతాయి. ఇదివరకు పనిచేసిన తాళంచెవి పనిచేయకపోతే మనం కూడా ఇంకాస్త గట్టిగా తిప్పుతాం. ఐదో రోజున మనసు కరిగి ఇచ్చారో, ఐదు రోజులు అరిస్తే దొరుకుతుందని నేర్పినట్లవుతుంది. అందుకే ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలి. అమ్మీ, అబ్బా ఒప్పుకుంటారు. చీర చెంగున చాక్లెట్ దాచుకుని వచ్చే నానీని ఒప్పించడమే కష్టం. బిడ్డ తనను తాను గాయపరచుకుంటున్నప్పుడు మాత్రం పట్టించుకోకుండా ఊరుకోవడమనే పద్ధతి పనికిరాదు. ముందు గాయాన్ని ఆపాలి.

నీటి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇక్కడ మెట్టలో చెరువులు, బావులు. కిందికి వెళితే తాడేపల్లిగూడెం వైపు కాలువలు, కొల్లేటి చుట్టూ చేపల చెరువులు. చెరువు గట్టుమీద పాకలో కాపురముండే కాపలా కుటుంబాలలో మనవారూ ఉన్నారు. ఆటిజం ఉన్న పిల్లలలో చాలామంది చెప్పాపెట్టకుండా ఇల్లు దాటిపోతారు, చాలామందికి నీరంటే ప్రాణం. ఇలా తప్పిపోయిన పిల్లల మరణాలకు నీటిలో మునగడమే ప్రధాన కారణంగా కనబడుతున్నది. తలుపుకు పైగడియ, గజ్జెల పట్టీ వెంటనే చేయగలిగినవి. బిడ్డ కనబడకపోతే ముందు వెతకవలసింది నీటి దగ్గరే. ఆ తర్వాత మూడు గళ్ల పుస్తకం చూడండి, ఏ వేళకు పారిపోతున్నాడు, దేనికోసం? నీటికోసమే అయితే రోజూ అదే వేళకు తొట్టిలో మీ కళ్లెదుట నీళ్లాట ఆడనివ్వండి. ఈత నేర్పండి. 'రుక్' అనగానే ఆగడం ఆటగా నేర్పండి.

ఈ విధానం చరిత్రలో మచ్చలున్నాయి. అవి దాచి మీకు చెప్పడం ధర్మం కాదు. 1987లో కాలిఫోర్నియాలో ఐవర్ లోవాస్ అనే శాస్త్రవేత్త, వారానికి 40 గంటల శిక్షణతో 19 మంది పిల్లలలో తొమ్మిదిమంది మామూలు తరగతిలో ఇమిడిపోయారని ప్రకటించాడు. ఆ శిక్షణలో గద్దింపు, తొడమీద దెబ్బ కూడా ఉన్నాయి. మసాచుసెట్స్‌లోని ఒక కేంద్రం ఒంటికి విద్యుత్ ఘాతమిచ్చే పరికరాలను వాడింది. 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ వాడకాన్ని నిషేధిస్తే, మరుసటి సంవత్సరం కోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. ఆటిజంతో పెరిగి పెద్దవారైనవారు ఇప్పుడు నోరు విప్పి అడుగుతున్నారు: మమ్మల్ని మీలాగా కనబడేలా చేయడానికి ఎందుకంత శ్రమ? కళ్లలోకి చూడమని గడ్డం పట్టి ఎత్తినప్పుడు మాకు కలిగిన బాధ లెక్కలోకి రాదా?

ఈ ప్రశ్నలు న్యాయమైనవని మా అభిప్రాయం. మైనారిటీలుగా మనకు ఇవి మరింత త్వరగా అర్థం కావాలి. 'అందరిలా కనబడు, అప్పుడు నిన్ను కలుపుకుంటాం' అనే షరతు ఎలా ఉంటుందో మనకు తెలుసు. కనుక ఏది మార్చాలి అనేదానికి మేము పెట్టుకున్న కొలత ఒకటే. ఆ ప్రవర్తన వల్ల బిడ్డకో, మరొకరికో దెబ్బ తగులుతున్నదా, వాడి నేర్చుకోవడానికి అడ్డుపడుతున్నదా? లేదంటే వదిలేయండి. చేతులు ఆడిస్తే ఆడించనివ్వండి. పెళ్లిలో బంధువులు చూస్తారన్నది కారణం కాదు.

వారానికి 40 గంటలు కొనుక్కునే శక్తి మనలో ఎవరికుంది? ఏలూరుకు బస్సులో వెళ్లి రావడంతోనే ఆ రోజు కూలి పోతుంది. మూలకణాల చికిత్సతో ఆటిజం నయమవుతుందని చెప్పి లక్షలు గుంజేవారు పట్నాలలో ఉన్నారు. దానికి రుజువులు లేవు, దానికోసం స్థలాలు అమ్ముకోవద్దు. 2016లో వెలువడిన ఒక పరిశోధన మాకు ధైర్యమిచ్చింది. గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను 65 మంది పిల్లల కుటుంబాలతో చేశారు. నిపుణులు కాని సాధారణ ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి తల్లిదండ్రుల దగ్గరికి పంపారు. బిడ్డ దేనిని చూస్తున్నాడో గమనించి దాని గురించే మాట్లాడడం తల్లిదండ్రులకు నేర్పారు. తల్లిదండ్రులు బిడ్డకు స్పందించే తీరు మెరుగుపడింది, బిడ్డలు తామై మాట కలపడం పెరిగింది. ఆటిజం మాయం కాలేదు, అలా అవుతుందని వారూ చెప్పలేదు. మన ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు ఆ పని చేయలేరని ఎవరనగలరు?

ఇంటిలో జరిగేది మన చేతిలో ఉంది. మిగిలినది అడిగి తీసుకోవలసినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం, మేధో వైకల్యం ఉన్నాయి. నిర్ధారిత వైకల్యం, అంటే 40 శాతం లేదా ఆపైన ఉన్న బిడ్డకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య హక్కు. 'మా బడిలో కుదరదు' అనే మాట చట్టానికి విరుద్ధం. బడిలో కొట్టడం, మానసికంగా హింసించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషిద్ధం. మదరసాలకు ఆ చట్టం వర్తించదు, నిజమే. అందరి ఎదుట వికలాంగుని అవమానిస్తే 92వ సెక్షన్ అక్కడా వర్తిస్తుంది. ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పదిమంది పిల్లలకు, ఆపై తరగతులలో పదిహేనుమందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2022లో కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. మన మండలాలలో ఆ లెక్క ఎంతవరకు అమలయిందో మనమే అడగాలి. భవిత కేంద్రానికి బిడ్డను తీసుకువెళ్లండి. బడికి రాలేని బిడ్డకు ఇంటికే వచ్చి నేర్పే ఏర్పాటు కూడా అందులో ఉంది.

పుట్టినప్పటినుంచి పద్దెనిమిదేళ్ల వరకు పిల్లల ఎదుగుదల పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. ఆ వైద్య బృందం అంగన్‌వాడీకి వచ్చిన రోజున మన బిడ్డలను దాచకండి. పేరు పెట్టి పిలిస్తే ఏడాది నిండినా తిరిగి చూడకపోవడం, వేలితో చూపించకపోవడం, వచ్చిన మాటలు పోవడం, ఇవి చూడగానే వెళ్లండి. 'మగపిల్లలకు మాటలు ఆలస్యం' అని మూడేళ్లు కూర్చోవద్దు. ధ్రువపత్రం కోసం ఆటిజాన్ని కొలిచే 40 ప్రశ్నల భారతీయ పట్టిక ఉంది, అదీ సికింద్రాబాదులో తయారైనదే. ఆ పరీక్ష రోజున మీ మూడు గళ్ల పుస్తకం వెంట తీసుకువెళ్లండి. కొత్త చోట నిశ్శబ్దంగా కూర్చున్న బిడ్డను పది నిమిషాలు చూసిన డాక్టరుకు మీ వారం రోజుల రాత చాలా విషయాలు చెబుతుంది. ధ్రువపత్రం వస్తే నెలకు ఆరు వేల పింఛను అడగవచ్చు. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్యం, థెరపీ ఖర్చులున్నాయి.

'మా తర్వాత వీడికి ఎవరు?' అనే ప్రశ్న ఈ గదిలో ప్రతి తల్లి కళ్లలోను ఉంది. పద్దెనిమిదేళ్లు నిండాక, 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి సంరక్షకుని నియామకానికి దరఖాస్తు చేసుకోవచ్చు. వారసత్వంలో ఆ బిడ్డ వాటా, అమ్మాయి అయినా అబ్బాయి అయినా, వైకల్యం కారణంగా తగ్గదు. షరీఅత్‌లో అలాంటి మినహాయింపు లేదు. 'వాడికెందుకు ఆస్తి, మేము చూసుకుంటాంగా' అని వేలిముద్ర వేయించుకునే అన్నదమ్ములకు జమాత్ పెద్దలే ఈ మాట చెప్పాలి.

జమాత్ పెద్దలకు మరొక విన్నపం. ఈ పిల్లలపై నమాజు లెక్క లేదని మనందరికీ తెలుసు. లెక్క లేదంటే చోటు లేదని అర్థం కాదు. సఫ్‌లో కదిలాడని, మధ్యలో గొంతెత్తాడని జుమా రోజున ఒక తండ్రిని బిడ్డతో సహా వెనక్కి పంపితే, ఆ తండ్రి మరుసటి వారం ఒక్కడే వస్తాడు, లేదా రాడు. చివరి సఫ్‌లో, తలుపు దగ్గర, లౌడ్‌స్పీకరుకు దూరంగా రెండు జానమాజుల చోటు వారికి ఉంచండి. జుమాకు ముందు ఇమామ్ సాబ్ ఒక్క మాట చెబితే చాలు, ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. మొదట జనం లేని వేళ, అసర్‌కు ముందు తీసుకువచ్చి పది నిమిషాలు కూర్చోబెట్టి తీసుకుపోవచ్చు. తర్వాత పావుగంట. ఇది కూడా మెట్లు మెట్లుగా నేర్పే పనే.

మూడు గళ్లు గీసిన నోటు పుస్తకాలు గుమ్మం పక్కన బల్లమీద ఉన్నాయి, ఇంటికొకటి తీసుకోండి. వచ్చే నెల ఇదే రోజున, రాసినంతవరకు తీసుకురండి. మూడో గడి మాత్రం ఖాళీగా తేవద్దు. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. ముందుగా తల్లులు.